ఏసీ వాళ్ళు కట్టిన రోమన్ స్నానాల గది

దోహాలో కొత్తగా ఏసీ పనిలో చేరిన మన కుర్రవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మా అమ్మాయి అల్ సద్‌లో ఒక క్లినిక్‌లో నర్సు. నేను రిటైరయ్యాక మా ఆవిడా నేనూ ఆమె దగ్గరే ఉంటున్నాం. వచ్చినవాళ్ళు టీ తాగుతూ, "సార్, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు? ఏ సర్టిఫికెట్ ఉంటే మంచిది?" అని అడుగుతారు. తెలిసింది చెబుతాను. ఆ తర్వాత వాళ్ళు అడగని సంగతులు మొదలుపెడతాను. సరిగ్గా అప్పుడే మా ఆవిడకి వంటింట్లో ఏదో పని గుర్తొస్తుంది.

"ఇంతమందికి ఇన్నిసార్లు చెప్పే బదులు ఒక్కసారి రాసి పారేయకూడదూ? వాళ్ళు చదువుకుంటారు, నేను టీవీ చూసుకుంటాను" అని ఒకరోజు ఆవిడే అంది. అందుకని రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ ప్రాజెక్టు ఎన్ని టన్నులో రాయను. అవి ఎవరికీ పనికిరావు, చివరికి నాకు కూడా.

నాది తణుకు దగ్గర పల్లెటూరు. డిప్లొమా చదివి ఖతర్ వచ్చాను. ఉద్యోగ జీవితమంతా ఇక్కడే, ఇళ్ళనీ ఆఫీసులనీ చల్లబరుస్తూ గడిచిపోయింది. అయినా నేను చెప్పబోయేదాంట్లో ఎక్కువ భాగం ఒక వేడి గది గురించి, ఎప్పుడో వేల ఏళ్ళ కిందటి రోమన్ల గురించి. ఏసీ వాడికి రోమన్లతో పనేమిటని మీరు అనుకోవచ్చు. నేను కూడా అలాగే అనుకున్నాను.

మీటరు కంటే ముందు మనిషి

నా మొదటి ఉద్యోగం దోహాకి దక్షిణాన ఉన్న మెసయీద్‌లో. ఒక ఫ్యాక్టరీ కంట్రోల్ రూములకీ, కంపెనీ క్వార్టర్లకీ ఏసీలు చూసేవాళ్ళం. మా బాస్ ఉస్మాన్ సూడాన్ దేశస్థుడు. గుమ్మాలన్నిట్లోనూ తల వంచుకుని వెళ్ళేంత పొడగరి. గొంతు మాత్రం ఎప్పుడూ లేచేది కాదు.

నేను చేరిన కొత్తలో ఒక క్వార్టర్ నుంచి గది చల్లబడటం లేదని కంప్లైంట్ వచ్చింది. వెళ్ళాను. గాలి వేడి చూశాను, గ్యాస్ చూశాను, ఫిల్టర్ కడిగాను. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. "మెషిన్ బాగానే ఉంది, ఆయనకే ఏదో బాగాలేదు" అని వచ్చి ఉస్మాన్‌కి చెప్పాను. ఆయన నన్ను జీపులో వెనక్కి తీసుకెళ్ళి, ఆ ఇంటాయన రోజూ కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టి, "ఇక్కడే ఉండు" అని బయటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి పడమటి కిటికీలోంచి ఎండ వచ్చి తిన్నగా నా మెడ మీద పడింది. ఉస్మాన్ తిరిగొచ్చేసరికి నేను కుర్చీ పక్కకి జరుపుకుని కూర్చున్నాను. ఆ ఇంటికి కావలసింది గ్యాస్ కాదు, కర్టెన్.

"మీటరు తర్వాత చూద్దువు గాని. ముందు మనిషి ఎక్కడ కూర్చుంటాడో అక్కడ కూర్చో" అన్నాడు. ఇప్పటి కుర్రవాళ్ళు ఫోన్‌లో యాప్ తెరిచి, సెన్సర్ల అంకెలు చూసి, ఇంట్లోకి అడుగు పెట్టకుండానే జబ్బు చెప్పేస్తున్నారు. యాప్ మంచిదే. కానీ దాని మెడ మీద ఎండ పడదు.

చెడ్డ కబురు నచ్చని ఆఫీసు

తర్వాత అల్ సద్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో చేరాను. రిటైరయ్యేదాకా అక్కడే. అక్కడి నా మొదటి మేనేజరు పేరు చెప్పను. తెలివైనవాడు, కష్టపడేవాడు. కానీ ఎవరైనా చెడ్డ కబురు తీసుకొస్తే ఆ చెప్పినవాడి మీదే విరుచుకుపడేవాడు. దాంతో కొన్నాళ్ళకి ఆయన గదిలోకి మంచి కబుర్లు తప్ప ఏవీ వెళ్ళడం మానేశాయి.

ఒక బట్టల దుకాణంలో సీలింగ్ పైన చల్లటి నీళ్ళ పైపుకి చెమట పట్టి కారుతుండేది. మరక కనపడ్డప్పుడల్లా మావాళ్ళు ఆ ఒక్క సీలింగ్ బోర్డు మార్చి వచ్చేసేవారు. మేనేజరుకి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. చివరికి ఒక తెల్లవారుజామున సీలింగ్ మొత్తం కూలి, బొమ్మలకి తొడిగిన పెళ్ళి గౌన్ల మీద పడింది. మనుషులెవరూ లేరు కాబట్టి సరిపోయింది. "ఇన్నాళ్ళూ నాకెవరూ ఎందుకు చెప్పలేదు?" అని మేనేజరు గర్జించాడు.

నా పక్కన నిలబడ్డ నర్సయ్య నెమ్మదిగా అన్నాడు: "జెప్పినోన్ని మీరు బతుకనిస్తే గద సార్."

నర్సయ్యది జగిత్యాల దగ్గర. పైపులకీ గోడలకీ ఇన్సులేషన్ కట్టడంలో అతని చెయ్యి పడితే మళ్ళీ చూడక్కర్లేదు. ఆ మాట అదృష్టవశాత్తూ మేనేజరుకి వినపడలేదు. ఆయన తర్వాత వచ్చిన మేనేజరు కాస్త నయం. మొహం మాడ్చుకునేవాడు గానీ వినేవాడు.

ఓబులేసు ఇచ్చిన మాట

ఇప్పుడు అసలు కథకి వస్తాను. నా సర్వీసు చివరి రోజులు. అల్ హిలాల్‌లో ఒక విల్లాలో ఏసీ సర్వీసుకి వెళ్ళేవాళ్ళం. ఆ ఇంటి యజమానిని అందరూ అబూ జాసిమ్ అంటారు, అంటే జాసిమ్ వాళ్ళ నాన్న అని. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఆ ఇంటి డ్రైవరు ఓబులేసు, రాయచోటి వైపు మనిషి.

ఒకరోజు నేను గేటు దగ్గరికి రాగానే ఓబులేసు ఎదురొచ్చాడు.

"సార్, మా అర్బాబ్‌కి స్నానాల గది గావాలంట. మామూలుది గాదు. రోమ్ దేశంలో పాతకాలంలో ఉండేదంట, అట్లాంటిది. మా తెలుగోళ్ళు చేస్తారని నేను మాటిచ్చేసినా" అన్నాడు. అర్బాబ్ అంటే యజమాని.

"మేం గదులు చల్లబరిచేవాళ్ళం కదయ్యా!"

"చల్లబరిచేటోళ్ళకి వేడి చేసేది రాదా సార్? బటన్ అటు తిప్పేదే గదా."

నవ్వొచ్చింది గానీ, అతను నవ్వడం లేదు. కాస్త ఆగి విషయం చెప్పాడు. అబూ జాసిమ్ వాళ్ళమ్మ మోకాళ్ళ ఆపరేషన్‌కి జర్మనీ వెళ్ళింది. ఆమె తిరిగొచ్చేసరికి ఒంటికి కాపడం పట్టేలా ఒక వేడి గది ఉండాలని ఆయన కోరిక. ఆమెకి దగ్గరుండి వండిపెట్టడానికి, సాయం చేయడానికి ఒక ఆడమనిషి కూడా కావాలి. ఆ పనికి ఓబులేసు భార్య లక్ష్మీదేవిని పిలిపిస్తానని అబూ జాసిమ్ మాటిచ్చాడు. వాళ్ళ కూతురికి పెళ్ళయి వెళ్ళిపోయింది. లక్ష్మీదేవి ఊళ్ళో ఒక్కతే ఉంటోంది. పెళ్ళయిన తర్వాత ఆ భార్యాభర్తలు ఒకచోట ఉన్న రోజులు, సెలవుల్లో గడిపినవి తప్ప, ఏమంత లేవు.

"గది బాగా కుదిరిందనుకో సార్, ఆయన మనసు సంతోషంగా ఉంటాది. అప్పుడే కాగితాలు పెడతానన్యాడు. మీ చేతుల్లో ఉండాది" అన్నాడు.

ఖతర్‌లో ఇంటి డ్రైవరు భార్య అదే ఇంట్లో పనికి రావడమంటే సామాన్యమైన విషయం కాదు. రావడమూ, రాకపోవడమూ ఆ యజమాని సంతకంలో ఉంటుంది. ఒక కాపురం మా పైపుల మీద ఆధారపడటం నాకదే మొదటిసారి.

మజ్లిస్‌లో చరిత్ర పాఠం

అబూ జాసిమ్ మమ్మల్ని మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో కూర్చోబెట్టి ఖర్జూరాలు, ఖహ్వా అనే అరబ్బీ కాఫీ పెట్టించి పాఠం మొదలుపెట్టాడు. నర్సయ్య కాళ్ళు ముడుచుకుని, సోఫాకి దుమ్ము అంటుకుంటుందేమోనని అంచున కూర్చున్నాడు. ఆయన అరబ్బీ, ఇంగ్లీషు, ఉర్దూ కలిపి చెబుతుంటే నేను మధ్యమధ్య తెలుగులో చెప్పేవాణ్ణి.

రోమన్ల స్నానం అంటే చెంబుతో పోసుకుని వచ్చేయడం కాదట. ముందు గోరువెచ్చటి గది, తర్వాత వేడి గది, ఆఖరున చల్లటి నీళ్ళ గది. ఒంటికి నూనె రాసుకుని, వంకీ తిరిగిన ఇనుప బద్దతో ఆ నూనెనీ మట్టినీ కలిపి గీకేసేవారట.

నర్సయ్య మొహం వెలిగింది. "గిది మా అవ్వ చేసిందే గద సార్! నూనె వెట్టి, నలుగు వెట్టి, తోలు ఊడేదాంక రుద్దేది. గాల్లకు ఇనుప బద్ద, మా అవ్వకు చెయ్యే ఇనుము."

నేను అనువదించి చెప్పాను. అబూ జాసిమ్ పకపకా నవ్వి, నర్సయ్యకి ఇంకో కప్పు ఖహ్వా పోశాడు.

ఆ స్నానాల గదుల నేల కింద పొట్టి ఇటుక స్తంభాలు కట్టి, ఆ ఖాళీలోకి పొయ్యి నుంచి వేడిగాలి పంపేవారని చెప్పాడు. రోమన్ల రాజ్యం పోయినా ఆ స్నానం పోలేదు, తూర్పు వైపు వాళ్ళు అందుకున్నారు, అరబ్బులు హమ్మామ్ అన్నారు, తుర్కులూ అదే పేరన్నారు, ఇప్పుడు పెద్ద హోటళ్ళలో స్పా అంటున్నారు అన్నాడు. "మీరు వాడే నెలల పేర్లు కూడా వాళ్ళవే. జూలై, ఆగస్టు రెండూ రోమన్ పాలకుల పేర్లు" అన్నాడు. ఏసీ వాళ్ళ ప్రాణాలు తోడేసే నెలలు సరిగ్గా ఆ రెండే. ఇన్నేళ్ళూ మమ్మల్ని ఎవరు చంపుతున్నారో నాకు ఆ రోజు తెలిసింది.

సీలింగ్ గురించి మాత్రం గట్టిగా పట్టుబట్టాడు. మా మేనేజరు బల్లపరుపు సీలింగ్ వేద్దామన్నాడు. అబూ జాసిమ్ ఒప్పుకోలేదు. రోమన్లు కమాను కట్టారు కాబట్టి నాకూ కమానే కావాలన్నాడు. చరిత్ర మాస్టారి ముచ్చట అనుకుని సరే అన్నాం. తర్వాత చూస్తే అందులో ఎంతో తెలివి ఉంది. వేడి గదిలో ఆవిరి పైకి వెళ్ళి బొట్లుగా మారుతుంది. బల్లపరుపు సీలింగ్ అయితే ఆ చల్లటి బొట్లు టపటపా నెత్తి మీద పడతాయి. కమాను అయితే వంపు మీదుగా జారి గోడల వెంట దిగిపోతాయి.

గోడ ఏడ్చింది

అబూ జాసిమ్ వాళ్ళమ్మగారి పడకగది వెనక ఉన్న స్టోరు రూమునీ, పాత బాత్రూమునీ కలిపి మూడు చిన్న గదులు చేశాం. నేల కింద వేడినీళ్ళ పైపులు పరిచాం. ఆవిరి మిషను పెట్టాం. కమాను కుదిరింది. నర్సయ్య గోడలకి ఆవిరిని ఆపే వెండిరంగు ఫాయిల్ ఒక్క ముడత లేకుండా అంటించి, దాని మీద ఇన్సులేషన్ కట్టాడు. నేను చేత్తో నిమిరి చూసి, శభాష్ అన్నాను. నడిపి చూద్దామని కొన్నాళ్ళు రోజూ వేడి చేసి వదిలేశాం.

ఒక సాయంత్రం ఓబులేసు ఫోన్ చేసి, వెంటనే రమ్మన్నాడు. వెళ్ళాను. వేడి గదిలో అంతా బాగుంది. అతను నన్ను అవతలి వైపు, పెద్దావిడ పడకగదిలోకి తీసుకెళ్ళాడు. మంచం తలాపున గోడ మీద రంగు బుడగలు లేచి ఉంది. చెయ్యి పెడితే తడి.

చూడగానే అర్థమైంది. ఖతర్‌లో బయట వేడి, ఉక్క. ఇంట్లో చల్లదనం. తేమ ఎప్పుడూ బయటి నుంచి లోపలికి రావాలని చూస్తుంది. అందుకని మేం ఫాయిల్ ఎప్పుడూ గదికి బయటివైపు ఉండేలా కడతాం. అది మా పనిలో ఓనమాలు. వేడి గదికి అంతా తలకిందులు. ఉక్క లోపలే ఉంది, చల్లదనం పక్కగదిలో ఉంది. ఫాయిల్ లోపలివైపు ఉండాలి. కానీ నర్సయ్య చేతులు ఇన్నేళ్ళుగా ఎలా కట్టాయో అలాగే కట్టాయి, నా కళ్ళు ఎలా చూశాయో అలాగే చూశాయి. ఆవిరి గోడలోకి దూరి, ఫాయిల్ దాకా వచ్చి, దారి లేక అక్కడే నీళ్ళయి, అతుకుల్లోంచి పడకగది వైపు ఊరింది. ఇంకెవరైనా, ఏసీ పని తెలియని తాపీమేస్త్రీ అయినా, ఈ తప్పు చేసి ఉండడు. మేం మాత్రమే చేయగలిగిన తప్పు ఇది.

"గోడ విప్పాలి ఓబులేసూ" అన్నాను.

అతను తలుపు దగ్గరగా వేశాడు. "సార్, మీకు దండం పెడతా. వచ్చే వారం కాగితాలు పెడతాండాడు అర్బాబ్. ఇప్పుడు గోడ తడిసిందని చెప్తే అంతా పాడైపోతాది. మీరు పైన రంగు కొట్టించేయండి. లక్ష్మీదేవి వచ్చినాక మీరే చెప్పండి, లేకుంటే నేనే చెప్తా."

"రంగు నెల కూడా నిలవదు."

"నెల చాలు సార్."

"పెద్దావిడ ఈ వారంలో వస్తుంది కదా. మంచం ఈ గోడకే కదా ఉంది?"

ఓబులేసు గోడ వైపు చూశాడు. "ఇంత ఎండ కాస్తాండాది. తడేం చేస్తాది సార్?" అన్నాడు గానీ, ఆ మాట అతనికే నమ్మకంగా లేదని తెలుస్తోంది. ఆపరేషన్ అయి వచ్చే ముసలావిడ, బూజు పట్టే గోడ. ఇటు చూస్తే ఇన్నేళ్ళుగా ఎదురుచూస్తున్న మనిషి. రేపు పొద్దున్నే వస్తాను, అప్పుడు మాట్లాడుకుందాం అని వచ్చేశాను.

మర్నాడు నేను వెళ్ళేసరికి అబూ జాసిమ్ ఆ పడకగదిలో, గోడ మీద చెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు. పక్కనే ఓబులేసు తల వంచుకుని ఉన్నాడు. అప్పటికే అతను చెప్పేశాడు.

"మిమ్మల్ని గదికి వేడి పెట్టమన్నాను. మీరు గోడకి స్నానం చేయించారు" అన్నాడు అబూ జాసిమ్ నాతో. వేరే సందర్భంలో అయితే ఆ మాటకి నవ్వేవాణ్ణి. పొరపాటు మాదేననీ, ఓబులేసుకి దీంతో సంబంధం లేదనీ చెప్పాను. ఆయన వినలేదు. ఓబులేసు వైపు తిరిగి, "వీళ్ళని తెచ్చింది నువ్వే కదా? వంటమనిషి వీసా మాట ఇక నా దగ్గర ఎత్తకు. ఖలాస్" అన్నాడు.

ఓబులేసు "సరే అర్బాబ్" అని కారు తుడవడానికి వెళ్ళిపోయాడు. ఆ కారు అప్పటికే తళతళలాడుతోంది.

పుస్తకంలో బొమ్మ

గోడ విప్పాం. ఖర్చు మా కంపెనీయే పెట్టుకుంది. మేనేజరు మొహం మాడిపోయింది, అయినా పని ఆపమనలేదు. నర్సయ్య తను కట్టిన ఫాయిల్‌ని తనే కోసి తీశాడు. మధ్యాహ్నం ఊరి నుంచి వాళ్ళావిడ ఫోన్ చేసి, "దుబాయ్‌ల ఎండలు ఎట్లున్నయి?" అని అడిగితే (వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే), "ఎండ గాదు, ఈడ గోడలకు చెమట వోస్తున్నది" అన్నాడు.

ఈలోగా పెద్దావిడ వచ్చింది. ఆమెని ఇంట్లో అందరూ యుమ్మా అని, అంటే అమ్మా అని పిలుస్తారు. తన గది దుమ్ము కొట్టుకుని ఉండటం చూసి, వేరే గదిలో మంచం వేయించుకుంది. మేం చప్పుడు చేసినప్పుడల్లా చేతికర్రతో గోడ మీద టకటకా కొట్టేది.

అబూ జాసిమ్ మొదట్లో మా వైపు రాలేదు. నాలుగు రోజులు పోయాక, కోపం తగ్గిందని మాకు తెలియకూడదన్నట్టు మొహం పెట్టుకుని, ఒక పెద్ద పుస్తకం చంకన పెట్టుకుని వచ్చాడు. అందులో ఒక రోమన్ గోడని అడ్డంగా కోసి చూపిన బొమ్మ ఉంది. గోడ లోపలివైపు, పైనుంచి కిందిదాకా, గొట్టాల్లాంటి బోలు పెంకులు పేర్చి ఉన్నాయి. నేల కింది వేడిగాలి వాటిలోంచి పైకి వెళ్తుంది.

"ఇది ఎందుకు?" అని అడిగాడు నన్ను.

బొమ్మలోని గొట్టాల వెంట వేలు పైదాకా నడిపాను. గోడే వెచ్చగా ఉంటే ఆవిరి దాని మీద నీళ్ళుగా మారదు. మేం నేలని వేడి చేశాం, గోడల్ని మర్చిపోయాం. కంప్యూటర్లూ, సెన్సర్లూ లేనివాళ్ళు ఆ సంగతి కనిపెట్టి, మట్టి పెంకులతో కట్టి చూపించారు. నేను నర్సయ్యని పిలిచి బొమ్మ చూపించాను.

"గాల్లు మనకన్న ముందే ఈ దెబ్బ తిని ఉంటరు సార్. లేకపోతే గింత మంచిగ ఎట్ల తెలుస్తది?" అన్నాడు.

నాకు ఆ మాట బాగా నచ్చింది. పాతకాలం వాళ్ళని మనం మహానుభావులని మొక్కేస్తాం గానీ, వాళ్ళ గోడలు కూడా ముందు తడిసే ఉంటాయని అనుకోం. మేం ఫాయిల్ లోపలివైపు కట్టాం, దాని ముందు కాస్త ఖాళీ వదిలి గోడల్లోకి కూడా వేడినీళ్ళ పైపులు ఎక్కించాం. పడకగది గోడ ఎండింది. మళ్ళీ తడవలేదు.

లుంగీల్లో పరీక్ష

అప్పగించే ముందు మనుషుల్ని కూర్చోబెట్టి చూడాలన్నాను. ఉస్మాన్ నేర్పిన పాఠం. ముందు మావాళ్ళమే కూర్చుంటామంటే అబూ జాసిమ్, "నేనూ వస్తాను. రోమన్ల స్నానాల్లో ధనవంతుడూ పేదవాడూ ఒకే గదిలో కూర్చునేవారు" అన్నాడు. నిజమేనేమో అనుకున్నాను గానీ, ఆయన నిజంగా వస్తాడనుకోలేదు. గళ్ళ లుంగీ కట్టుకుని వచ్చేశాడు. ఈ దేశంలో దాన్ని విజార్ అంటారు. నర్సయ్యదీ అచ్చం అలాంటి లుంగీయే. తెలియనివాళ్ళు చూస్తే ఎవరు యజమానో, ఎవరు పనివాడో చెప్పలేరు.

గేటు దగ్గరికి కబురు పంపితే ఓబులేసు కూడా వచ్చాడు. అబూ జాసిమ్‌కి దూరంగా మూల కూర్చున్నాడు. గది వేడెక్కింది. పొద్దుటి నుంచి టెర్రస్ మీద ఎండలో యంత్రాలు బిగించి వచ్చిన నర్సయ్య ఒళ్ళంతా చెమటతో ఉండి, "సార్, గీ వేడి కోసం ఇంత కష్టపడ్డమా? బైట ఫ్రీగనే దొరుకుతుండె గద" అన్నాడు. నేను అనువదించలేదు. అయినా అబూ జాసిమ్, ఏదో అర్థమైనట్టు, నవ్వాడు. చల్లటి నీళ్ళ తొట్టిలో దిగినప్పుడు మాత్రం నర్సయ్య పెట్టిన కేకకి పక్క విల్లా కుక్క మొరిగింది.

ఆ సాయంత్రం అందరం సరదాగా ఉన్నాం. ఓబులేసు కూడా నవ్వాడు. కానీ బట్టలు మార్చుకుంటూ, "లక్ష్మీదేవికి ఎట్ల చెప్పాలో సార్. పెట్టె సర్దుకోనుండాది" అన్నాడు. నేను అబూ జాసిమ్‌ని రెండుసార్లు కదిపి చూశాను. రెండుసార్లూ ఆయన మాట మార్చాడు.

యుమ్మా అడిగిన ప్రశ్న

ఆఖరి చెకింగ్‌కి నేను వెళ్ళినరోజు యుమ్మా మొదటిసారి ఆ స్నానం చేసింది. ఇంటి ఆడవాళ్ళు తోడు వెళ్ళారు. నేను హాల్లో అబూ జాసిమ్‌తో కూర్చుని ఉన్నాను. ఆమె చేతికర్ర ఊపుకుంటూ వచ్చి, కుర్చీలో కూర్చుంది. "మోకాళ్ళు నావే అన్నట్టు ఉన్నాయి" అంది. అబూ జాసిమ్ మొహం చూడాలి. చిన్నపిల్లాడిలా వెలిగిపోయింది.

"ఆ డ్రైవరు భార్య వస్తుందన్నావు. నాకు నూనె రాసేదెవరు? ఇంకా రాలేదేం?" అంది ఆమె.

అబూ జాసిమ్ చేతిలో ఫోన్ పక్కన పెట్టాడు. "ఆపేశానమ్మా" అన్నాడు.

"ఎందుకు?"

"ఈ పనివాళ్ళని వాడే తెచ్చాడు. నీ గోడ తడిపేశారు."

"గోడ తడిసిందని నీకెవరు చెప్పారు?"

"వాడే."

పెద్దావిడ కర్రని నేల మీద ఒక్కసారి కొట్టింది. "నీకు చెప్పినందుకు వాడి నోటి దగ్గర కూడు తీసేశావు. మరి ఈ ఇంట్లో ఇంకోసారి గోడ తడిస్తే నీకెవరు చెబుతారు?"

అబూ జాసిమ్ నా వైపు చూడలేదు. ఫోన్ తీసుకుని లేచి బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తే కారు దగ్గర ఓబులేసుతో ఏదో మాట్లాడుతున్నాడు. ఓబులేసు చేతిలోని తువ్వాలు కింద పడింది. మీలో ఎవరైనా రేపు మేనేజరు అయితే, ఏ పాఠం మర్చిపోయినా ఆ ముసలావిడ ప్రశ్న మాత్రం మర్చిపోకండి. నేను చూసిన ఏ ఇంజనీరూ అంత మంచి ప్రశ్న అడగలేదు.

లక్ష్మీదేవి

నేను రిటైరయ్యాక కూడా అబూ జాసిమ్ నన్ను అప్పుడప్పుడు పిలుస్తాడు, ఆవిరి మిషను చూడమని ఒక వంక. అలా ఒకసారి వెళితే బయటి వంటింట్లో లక్ష్మీదేవి ఉంది. సన్నటి మనిషి, పెద్ద గొంతు. ఓబులేసు నన్ను చూపించి, "సారే గోడ తడిపింది" అని పరిచయం చేశాడు. అందరం నవ్వాం.

"ఆ పొద్దు మీ ఆయన ధైర్యంగా పోయి చెప్పాడమ్మా. నేనింకా ఏం చెయ్యాలా అని కొట్టుకుంటున్నాను" అన్నాను.

లక్ష్మీదేవి మొగుడి వైపు చూసింది. ఓబులేసు టక్కున, "సార్‌కి టీ పెట్టు, టైమైతాండాది" అన్నాడు.

"పెడతాలే. ముందు సార్‌కి చెప్పనీ" అంది ఆమె. "ఆ రాత్రి నాకు ఫోన్ చేసి ఏడ్చినాడు సార్. గోడ తడిసిండాది, రంగు కొట్టించి నిన్ను పిలిపిస్తా అన్యాడు. ముసలామెని తడిగోడ పక్కన పండబెట్టి నన్ను పిలిపించుకుంటే, పొద్దున లేసి ఆమె మొగం చూసి నేను అన్నం ఎట్ల పెట్టేది అన్యాను. తెల్లారతానే పోయి చెప్పు, ఇన్నేండ్లు ఆగినదాన్ని, ఇంకో ఏడాది ఆగలేనా అన్యాను."

ఓబులేసు ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుని తనే టీకి నీళ్ళు పెట్టాడు.